పదును వచ్చేనాటికి గింజ చేతిలో ఉండాలంటే: అన్యాయం జరిగిందనిపించినప్పుడు సిద్ధంగా ఉండడం ఎలా?

ఎర్రనేల (కళ్యాణదుర్గం)

ఈ వేదికను ఐదేళ్ళుగా చదువుతున్నాను గాని ఒక్కసారీ రాయలేదు. ఈ రోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నాకు ముప్పై ఆరేళ్ళు. సాంఘికశాస్త్రంలో బీఈడీ చేశాను. 2018 డీఎస్సీలో (ప్రభుత్వ ఉపాధ్యాయుల నియామక పరీక్షలో) అర మార్కు లోపు తేడాతో ఉద్యోగం తప్పిపోయింది. ఆ తరువాత ఒక ప్రైవేటు పాఠశాలలో చేరాను. ప్రధానోపాధ్యాయుడి బాధ్యత నాకే ఇస్తామని చెప్పి, రెండేళ్ళు ఆ పనంతా నా చేతనే చేయించుకొని, చివరికి యాజమాన్యానికి దగ్గర బంధువైన ఒకాయనను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు డీఎస్సీ ప్రకటన వచ్చినప్పుడు అప్పు చేసి పుస్తకాలు కొన్నాను. ఆ ప్రకటన పరీక్షల దాకా రాకుండానే ఆగిపోయింది. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ వెలువడింది, జూన్ 6న పరీక్షలు మొదలయ్యాయి. మధ్యలో ఉన్నవి 47 రోజులు. అందులో ఇరవై రోజులు నేను ఆసుపత్రిలో మా నాన్న మంచం పక్కన ఉన్నాను. పరీక్ష రాశాను, ఉద్యోగం రాలేదు. నాన్న కూడా దక్కలేదు.

సిద్ధంగా ఉండు, అవకాశం వస్తుంది అని అందరూ అంటున్నారు. ఏడేళ్ళు సిద్ధంగా ఉన్నాననే నేనూ అనుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ ఏడేళ్ళలో నిజంగా సిద్ధపడ్డానా, ఊరికే ఎదురుచూశానా అన్నది నాకే తెలియడం లేదు. ఈ రెండింటికీ తేడా ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను. ఓదార్పు ఇంట్లో దొరుకుతోంది. నాకు కావలసింది దారి.

జడ్డిగం (రాప్తాడు)

నాయనా, మీ నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. మీరు ఓదార్పు వద్దన్నారు కాబట్టి నాకు తెలిసిన ఒకే ఒక్క విద్యలోనుంచి జవాబు చెబుతాను.

నాకు అరవై రెండేళ్ళు. తొమ్మిదెకరాల మెట్ట, బోరు లేదు, ఏటా వేరుశనగే. మన అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో విత్తనానికి పనికివచ్చే వాన ఏ రోజు పడుతుందో చెప్పగలవాడు నాకు ఇంతవరకు కనిపించలేదు. మృగశిరలో పడవచ్చు, ఆరుద్రలో పడవచ్చు, పక్క ఊళ్ళో కురిసి మన పొలిమేర దాటకుండా పోవచ్చు. అది ఎంత అన్యాయమో మీకు వేరే చెప్పనక్కరలేదు, మీరూ ఈ నేల మీదే పుట్టారు. పడిన తరువాత కూడా ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి చాలినంత తేమ, రెండు మూడు రోజులకు మించి నిలవదు. గింజ ఆ రెండు మూడు రోజులలోనే భూమిలో పడాలి.

ఆ రోజులకు ముందు మేము చేసేదేమిటో చూడండి. వేసవిలోనే దుక్కి దున్నుకుంటాము. గొర్రు కర్రులు కొలిమికి తీసుకుపోయి చరిపించుకుంటాము. గొర్రుకు విత్తనం పోసే గిన్నె ఉంటుంది, దాన్నే జడ్డిగమంటాము; అందులో ఏ గొట్టం పూడిపోయిందో చూసి శుభ్రం చేస్తాము. ట్రాక్టరు బాడుగకైతే ముందే మాట తీసుకుంటాము, ఎందుకంటే పదును అయిన రోజు ఊరందరికీ అదే ట్రాక్టరు కావాలి. వీటిలో ఏ ఒక్క పనికీ మబ్బుతో సంబంధం లేదు. మబ్బు చూస్తూ అరుగు మీద కూర్చోవడం ఎదురుచూడడం. మబ్బు ఉన్నా లేకపోయినా కర్రు చరిపించుకోవడం సిద్ధపడడం. నాకు తెలిసిన తేడా ఇంతే.

ఇంకొక సంగతి ఉంది, ఇది మీ వయసు పిల్లలకు ముఖ్యమని నేను అనుకుంటాను. విత్తనపు వేరుశనగను కాయగానే దాచుకోవాలి. ముందే ఒలిచి పెట్టుకుంటే పప్పు మొలక శక్తి త్వరగా పోతుంది. అందుకని విత్తే కాలం దగ్గరపడినప్పుడే ఒలుస్తాము. మా ఊళ్ళో ఇద్దరు పిల్లలు ఉన్న ఉద్యోగాలు మానుకొని నాలుగేళ్ళు గదిలో తలుపులు వేసుకొని చదివారు; తీరా ప్రకటన వచ్చేనాటికి వారికి పుస్తకం పేరెత్తితేనే విసుగు పుట్టేది. అది పప్పు ఒలిచి ఏడాది గాదెలో పోసినట్టు. కాయ మీద పొట్టు ఉండనివ్వాలి. మీ పాఠశాల ఉద్యోగమో, సేద్యమో, ఇంటి బాధ్యతో, ఏదైనా కావచ్చు, ఆ పొట్టు లోపలే గింజ బతికి ఉంటుంది.

అడగకూడదు గాని అడుగుతున్నాను: 2024లో కొన్న పుస్తకాలు, ఆ ప్రకటన ఆగిపోయిన తరువాత ఎక్కడ ఉన్నాయి?

ఎర్రనేల (కళ్యాణదుర్గం)

అటక మీద ఉన్నాయి, పెద్దాయనా. 2025 ఏప్రిల్ 21న దించాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

జడ్డిగం గారి మాటలపై గౌరవం ఉంచుకొనే గట్టిగా ఒక అభ్యంతరం చెప్పదలచుకున్నాను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు మా నగరంలోకి వచ్చిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. అప్పటికి నేను ఒక ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి, ఇంటర్వ్యూ కోసం ధ్రువపత్రాలన్నీ ఒక ఇనుప పెట్టెలో క్రమంగా పేర్చి పెట్టుకున్నాను. కర్రు చరిపించడమంటే అదే కదా. మేము మిద్దె మీద రాత్రి గడిపి ప్రాణాలు దక్కించుకున్నాము. పెట్టెను బురదలోనుంచి తీసేసరికి కాగితాలు ముద్దయి ఉన్నాయి. నకళ్ళు చేతికి వచ్చేసరికి ఇంటర్వ్యూ గడువు దాటిపోయింది, వరద అని చెప్పినా ఆ కార్యాలయంలో ఎవరూ వినిపించుకోలేదు. సిద్ధంగా లేకపోవడం వల్ల పోయిందని ఎవరైనా నాతో అంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మన ఊరి చరిత్రే తీసుకోండి. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది, 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, 1956 నవంబరు 1 నాటికి రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. గుడారాలలో కార్యాలయాలు నడిపిన ఊరు సిద్ధంగా లేదని ఎవరనగలరు?

సిద్ధంగా ఉండు అనే మాటను కలిగినవారు లేనివారికి చెప్పినప్పుడు, జరిగిన తప్పు మెల్లగా నష్టపోయినవాడి నెత్తి మీదికి చేరుతుంది. ఎర్రనేల గారూ, రెండేళ్ళు పని చేయించుకొని కుర్చీ వేరొకరికి ఇవ్వడం అన్యాయం. మీ తయారీలో లోపం వెదకడానికి ముందు ఆ మాట మీరు స్పష్టంగా అనుకోవాలి. లేకపోతే మీకు మీరే శత్రువవుతారు.

బద్వేలు బాటసారి (కడప జిల్లా)

హంద్రీ ఒడ్డు గారి బాధ అర్థమైంది. అయితే అన్యాయమని తేల్చుకున్న మరునాడు పొద్దున లేచి ఏం చేయాలన్నదే కదా ఎర్రనేల గారి ప్రశ్న. అక్కడికి మళ్ళీ రావాలని మనవి.

కోసిగి కోడలు (కర్నూలు జిల్లా)

నేను పెద్ద చదువులు చదివినదానిని కాదు, తప్పులుంటే క్షమించండి.

మా వైపు వానలు లేక పనులు లేనప్పుడు ఇంటికి తాళం వేసి సుగ్గికి పోవడం మీకు తెలిసే ఉంటుంది. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పిల్లాజెల్లాతో పోతారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మానాన్నలతో అలా పోయాను, తిరిగి వచ్చేసరికి బడిలో పరీక్షలు అయిపోయాయి. అక్కడితో నా చదువు ఆగిపోయింది. ఇందులో నా తప్పేమిటని చాలా ఏళ్ళు ఏడ్చాను.

పెళ్ళయ్యాక మా ఊరి ఉపాధ్యాయురాలు ఒకామె చెబితే ఓపెన్ స్కూలులో పదో తరగతికి కట్టాను. ఒకేసారి అన్నీ రాయలేక రెండేసి సబ్జెక్టులు రాసుకుంటూ పోయాను. సుగ్గికి పోయినప్పుడు కూడా లెక్కల పుస్తకం బియ్యపు సంచిలో పెట్టుకొని పోయేదాన్ని. పగలంతా కాయలు కోసి వేళ్ళు మంటలు పుడుతుంటే పుస్తకం ముట్టుకోవడానికి భయం వేసేది, ఆ చేయి కంటికి తగులుతుందని. ఎందుకు చదువుతున్నావని మా అత్తమ్మ అడిగితే నా దగ్గర సమాధానం ఉండేది కాదు. నిజంగానే ఎందుకో నాకు తెలియదు.

నాలుగేళ్ళ తరువాత మా ఊరి అంగన్‌వాడీ కార్యకర్త పదవీ విరమణ చేశారు. ఆ పోస్టుకు అదే ఊళ్ళో ఉండే వివాహిత కావాలి, పదో తరగతి పాసై ఉండాలి, వయసు 21 నుండి 35 లోపు ఉండాలి. మా వీధిలో పదో తరగతి కాగితం ఉన్నవాళ్ళం ముగ్గురం, అందులో ఇద్దరికి వయసు దాటిపోయింది. నాకు వచ్చింది.

హంద్రీ ఒడ్డు అన్నగారికి జరిగినది నాకు జరిగి ఉంటే నేనూ అలాగే మాట్లాడేదాన్ని. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నేను సిద్ధపడినది అంగన్‌వాడీ కోసం కాదు. అది ఉందనే నాకు ధ్యాస లేదు. ఎర్రనేల అన్నా, మీరు ఒక్క డీఎస్సీకే సిద్ధపడుతున్నారేమో చూసుకోండి.

జొన్నగిరి దారి (తుగ్గలి)

కోసిగి కోడలు గారు రాసినది చదివి నేను కూడా ఒక మాట చేర్చాలనిపించింది.

మా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతంలోనూ, అటు అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ తొలకరి వానలకు మట్టి కొట్టుకుపోయి వజ్రాలు బయటపడతాయని, ఎక్కడెక్కడినుండో జనం వచ్చి పొలాలలో వంగి వెదకడం మీరు పత్రికలలో చూసే ఉంటారు. కొందరు చెట్ల కింద, గుడి అరుగుల మీద వారాల తరబడి ఉండిపోతారు. దొరికినవారు ఉన్నారు, నేను చూశాను. అందుకే ఆశ చావదు. కాని నా చిన్నప్పటినుండి నన్ను ఆలోచింపజేసిన విషయం వేరు. వెదికేవారు ఎదురుచూసే వానా, ఆ పొలం రైతు ఎదురుచూసే వానా ఒకటే. ఒకే వాన పడుతుంది. ఒకాయన కళ్ళు రాళ్ళ మీద ఉంటాయి, ఒకాయన చేయి గొర్రు మీద ఉంటుంది. విత్తనం వేసుకోవాలి, దయచేసి చేలో తొక్కవద్దని మా నాన్న వచ్చినవారిని బతిమాలడం నాకు గుర్తు.

వజ్రం దొరికితే ఒక్కనాటితో బతుకు మారుతుంది, వేరుశనగ పండితే ఆ ఏటి అప్పు తీరుతుంది. రెండోది చిన్నదే. అయినా వజ్రానికి మనిషి చేయగల తయారీ ఏమీ లేదు, ఎంత వెదికినా నిన్నటికంటే ఈ రోజు దగ్గరైనట్టు కాదు. ఎర్రనేల గారి ఏడేళ్ళలో ఎంత భాగం రాళ్ళ మీద గడిచింది, ఎంత భాగం గొర్రు మీద గడిచింది అన్నది ఆయనే తేల్చుకోగలరు.

శాసనాల బడి (కడప)

నేను చరిత్ర అధ్యాపకుడిని. మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెబుతాను.

అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెసు అధికారిక అభ్యర్థిగా నిలబడి, సొంత పార్టీలోని వారే ఎదురు తిరగడంతో వి.వి. గిరి గారి చేతిలో ఓడిపోయారు. ఆ తరువాత రాజకీయాలు వదిలి సొంత ఊరికి వచ్చి సేద్యం చేసుకున్నారు. 1975లో మళ్ళీ ప్రజల మధ్యకు వచ్చారు. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాలలో 41 కాంగ్రెసుకు పోగా, నంద్యాలలో ఒక్క ఆయనే జనతా అభ్యర్థిగా గెలిచారు. లోక్‌సభ స్పీకరయ్యారు, అదే ఏడాది జూలైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఓడిపోయిన పదవే ఎనిమిదేళ్ళకు పోటీ లేకుండా వచ్చింది.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అధ్యాపకులు గారికి నమస్కారం. ఆయన 1956లోనే ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి. ఓడిపోయి వచ్చినా కూర్చోవడానికి పొలం ఉంది, పిలిస్తే పలికే జనం ఉన్నారు. ఎర్రనేల గారికి ఆ ఎనిమిదేళ్ళు ఎవరు తిండి పెడతారు?

శాసనాల బడి (కడప)

మీ ప్రశ్న న్యాయమైనదే. నా ఉదాహరణ ఈ సందర్భానికి సరిపోలేదని ఒప్పుకుంటున్నాను. మరింత దగ్గరిది చెబుతాను. 1998 డీఎస్సీలో అర్హత సాధించి కూడా ఉద్యోగాలు రాక వివాదంలో చిక్కుకున్నవారికి, రెండు దశాబ్దాలు దాటిన తరువాత, 2023లో కాంట్రాక్టు పద్ధతిపై నియామకాలు ఇచ్చారు. అప్పటికి చాలామంది యాభై దాటారు. ఆ వార్తలు చదివినప్పుడు నాకు సంతోషం కంటే దుఃఖమే ఎక్కువ కలిగింది. న్యాయం అంత ఆలస్యంగా వస్తే దానిని న్యాయమని పిలవడానికి నోరు రాదు. అయినా వారు తమ మార్కుల పత్రాలు పారేయలేదు, న్యాయస్థానాల చుట్టూ తిరగడం మానలేదు. పోరాటమూ తయారీలో భాగమేనని నేను అక్కడ నేర్చుకున్నాను.

సచివాలయం అక్క (ప్రొద్దుటూరు)

ఇంతవరకు ఎవరూ ఆచరణ గురించి వివరంగా రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

2019 జూలై చివరి వారంలో గ్రామ, వార్డు సచివాలయాల ప్రకటన వచ్చింది. లక్షా పాతిక వేలకు పైగా పోస్టులు, సెప్టెంబరు 1న పరీక్షలు మొదలు. నెల రోజులు దాటి ఐదారు రోజులు, అంతే. నాకు అప్పటికి చంటిబిడ్డ. నాకు ఉద్యోగం ఎందుకు వచ్చిందంటే నేను తెలివైనదాన్ని కావడం వల్ల కాదు. అంతకు ముందు మూడేళ్ళుగా, ఏ ప్రకటనా లేని రోజులలో కూడా, ఇంట్లో అందరూ నిద్రపోయిన తరువాత గంటన్నర చదివే అలవాటు నాకు ఉండడం వల్ల. గంటన్నరే. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే నిలిచేది కాదు. ఆ నెల రోజులలో మాత్రం మా అమ్మను పిలిపించుకొని రోజుకు పది గంటలు చదివాను. జడ్డిగం గారు చెప్పిన ఒలవడం అదే అనుకుంటాను.

కాగితాల విషయానికి వస్తే, చాలామంది పిల్లలు దరఖాస్తు చివరి రోజున మా దగ్గరికి పరుగెత్తుకు వస్తారు. నాలుగో తరగతి నుండి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు లేవంటారు. చదివిన బడి మూతపడి ఉంటుంది, రికార్డులు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికే వారం పడుతుంది. కుల ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక రకంగా, పదో తరగతి మెమోలో మరో రకంగా ఉంటుంది. ఇవన్నీ ఏ ప్రకటనా లేనప్పుడు తీరికగా సరిచేసుకోవలసినవి. హంద్రీ ఒడ్డు గారికి జరిగినది విన్నాక చెబుతున్నాను, మెమోలన్నీ డిజిలాకర్‌లో చూసుకోండి, లేనివి స్కాన్ చేసి మరొక ఊళ్ళో ఉన్న బంధువుకు కూడా పంపి ఉంచండి.

ఎర్రనేల తమ్ముడూ, డీఎస్సీలో టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. టెట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు, పెరిగిన మార్కులే లెక్కకు వస్తాయి. అర మార్కులో పోయిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. మీ టెట్ మార్కులు ఎన్ని?

ఎర్రనేల (కళ్యాణదుర్గం)

150కి 98, అక్కా. 2018లో రాసినది. మళ్ళీ రాయలేదు. ఎందుకు రాయలేదని ఇప్పుడు అడిగితే, పాసయ్యాను కదా అనుకున్నాను.

జడ్డిగం (రాప్తాడు)

హంద్రీ ఒడ్డు గారూ, మీ పెట్టె సంగతి చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. మొలిచిన చేను ఎండిపోవడం నేను ఎన్నో ఏళ్ళు చూశాను. అన్నీ చేసినా పోతుంది. అలా పోయిన ఏడాది నేను ఎవరినీ సిద్ధంగా లేవని అనలేదు, నన్నూ అననివ్వలేదు. పంట నష్టం నమోదు చేయమని కార్యాలయానికి పోయి నిలబడ్డాను, అడిగాను, కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు రాలేదు. మరుసటి వేసవికి మళ్ళీ కర్రులు కొలిమికి పంపాను. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయగలడు.

ఎర్రనేల నాయనకు ఇంకొక్క మాట. వేరుశనగకు జూలై చివర వరకే అదను. ఆ తరువాత వాన పడితే మొండిగా వేరుశనగ వేయకూడదు, ఉలవలు చల్లుకోవాలి, కొర్ర వేసుకోవాలి. అందుకని ఇంట్లో ఒక మూట ఉలవలు ఎప్పుడూ ఉంచుకుంటాము. ఉలవ వేసినవాడు ఓడిపోయినట్టు మా ఊళ్ళో ఎవరూ అనుకోరు, ఆ చేను ఆ ఏడాది పడావు పడలేదని అనుకుంటారు. మీకు ఈసారి 44 ఏళ్ళ వరకు అవకాశం ఇచ్చారని విన్నాను, వచ్చేసారి ఎంత ఉంటుందో మనకు తెలియదు. మీ ఉలవల మూట ఏదో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

ఎర్రనేల (కళ్యాణదుర్గం)

అందరికీ నమస్కారం. పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను.

హంద్రీ ఒడ్డు అన్న చెప్పినట్టు, మొదట ఆ పాఠశాల వారి దగ్గరికి వెళ్ళి, రెండేళ్ళు నేను చేసిన బాధ్యతలన్నీ రాసి అనుభవ ధ్రువపత్రం ఇవ్వమని అడిగాను. ముందు కాదన్నారు. మూడోసారి వెళ్ళినప్పుడు ఇచ్చారు. ప్రధానోపాధ్యాయుడి పనులు నిర్వహించారు అన్న వాక్యం అందులో ఉంది. ఆ కాగితం చేతిలో పట్టుకొని బస్టాండులో చాలాసేపు కూర్చున్నాను. కుర్చీ రాలేదు గాని చేసిన పని నాదేనని రాతలో ఉంది.

నేను ఐదో తరగతి చదివిన బడి మూతపడింది. రికార్డులు ఎక్కడికి చేర్చారో మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో కనుక్కున్నాను, సోమవారం రమ్మన్నారు. పుస్తకాలు అటక మీద పెట్టలేదు. నాన్న మంచం ఉండిన చోట బల్ల వేసుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నర నుండి పదకొండు వరకు కూర్చుంటున్నాను. టెట్ మళ్ళీ రాస్తాను.

ఉలవల మూట గురించి చాలా ఆలోచించాను, జడ్డిగం పెద్దాయనా. మా వీధిలో ఓపెన్ స్కూలు పదో తరగతి రాయాలనుకొని ధైర్యం చాలని ఆడవాళ్ళు ఆరుగురు ఉన్నారు. కోసిగి కోడలు గారి కథ వారికి చదివి వినిపించాను. ఆదివారం నుండి మా ఇంటి వరండాలో వారికి సాంఘికశాస్త్రం చెబుతున్నాను, ఒకామె ఫీజు కూడా తెచ్చి ఇచ్చారు. లెక్కలు చెప్పేవారు కావాలి. కళ్యాణదుర్గంలో గాని, దగ్గరి ఊళ్ళలో గాని ఆదివారం రెండు గంటలు ఇవ్వగలిగినవారు ఎవరైనా ఈ వేదికలో ఉంటే దయచేసి ఇక్కడే రాయండి.